బంగాళాఖాతంలో గుండం... ఆదోని కల్లంలో గుబులు

ఆదోని: ఇక్కడి నుంచి సముద్రానికి మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. అలల హోరు వినబడదు, ఉప్పుగాలి తగలదు. రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచిక ఎలా ఉంటుందో ఈ ప్రాంతంలో చూసినవారు తక్కువ. అయినా అక్టోబరు వచ్చిందంటే మార్కెట్ యార్డులో పత్తి బోరాల మీద కూర్చున్న రైతు ధర కంటే ముందు అడిగే మాట ఒకటుంది. బంగాళాఖాతంలో ఏమైనా లేచిందా అన్నదే ఆ మాట.

అడగడంలో అర్థం లేకపోలేదు. ఖరీఫ్ పంట ఇంటికి చేరే రోజులూ, సముద్రంలో గుండాలు పుట్టే రోజులూ ఒకటే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పత్తి పగులుతుంది, వేరుశనగ పీకుతారు, దిగువ కాలువ కింద వరి కోతకు వస్తుంది. సరిగ్గా అప్పుడే బంగాళాఖాతం కాగి ఉంటుంది. తీరంలో వాళ్లకు తుపాను అంటే ప్రాణభయం. పడమటి కర్నూలులో అది పంట భయం. ఆ భయంలోనే ఒక ఆశ కూడా కలిసి ఉండటం ఈ ప్రాంతపు విశేషం.

రెండు సముద్రాల నడుమ

పటం తీసి చూస్తే ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం ద్వీపకల్పం నడిబొడ్డున కనిపిస్తుంది. తూర్పున ఒంగోలు తీరానికి మూడు వందల కిలోమీటర్లకు కొంచెం పైగా, పడమట గోవా తీరానికి మూడు వందల యాభైకి పైగా దూరం. నైరుతి మేఘం పడమటి కనుమల మీదనే చాలా మటుకు బరువు దించుకుని ఖాళీగా వస్తుంది. ఈశాన్య ఋతువు తడి నెల్లూరు, చిత్తూరు దాటి ఇంత దూరం రావడం అరుదు. అందుకే ఉమ్మడి కర్నూలు జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 670 మిల్లీమీటర్లే. ఈ పడమటి మండలాలు ఏటా ఆకాశం వైపు చూడవలసిన మండలాలు.

ఇలాంటి చోట నాలుగు రోజుల్లో ఇరవై, ముప్పై సెంటీమీటర్ల వాన కురిసిందంటే దాని వెనుక ఏదో ఒక గుండం ఉండి తీరుతుంది. మామూలు మేఘానికి అంత శక్తి లేదు.

గుండం పుట్టే తీరు

సముద్రం పైనీరు 26 డిగ్రీలు దాటి వేడెక్కాలి. ఆ వేడి పైపొరలోనే కాక యాభై, అరవై మీటర్ల లోతు దాకా ఉండాలి. అప్పుడు నీరు ఆవిరై పైకి లేస్తుంది. పైకి పోయిన ఆవిరి చల్లబడి మేఘమయ్యేటప్పుడు తాను దాచుకున్న వేడిని వదులుతుంది. ఆ వేడికి గాలి ఇంకా పైకి లేస్తుంది. కింద ఏర్పడిన వెలితిని పూడ్చడానికి నలుదిక్కుల నుంచి గాలి పరుగెత్తుకొస్తుంది. భూమి తిరుగుతున్నందున ఆ గాలి తిన్నగా రాలేక మన అర్ధగోళంలో గడియారం ముల్లుకు ఎదురు దిశలో సుడి తిరుగుతుంది. భూమధ్యరేఖకు మరీ దగ్గరలో ఈ తిప్పే బలం చాలదు. అందుకే అక్కడ తుపానులు పుట్టవు.

సైక్లోన్ అనే ఇంగ్లీషు మాట పుట్టింది కూడా ఈ బంగాళాఖాతపు ఒడ్డునే. 1840వ దశకంలో కలకత్తాలో ఉంటూ ఓడల దినచర్య పుస్తకాలు తిరగేసిన హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన, పాము చుట్టను తలపించే గ్రీకు మాట నుంచి దీనిని తయారు చేశాడు. ఆయన పరిశీలించిన తుపానుల్లో మన గోదావరి జిల్లా కోరంగి రేవును 1839లో ముంచిన తుపాను ఒకటి.

గాలి వేగాన్ని బట్టి ఈ చుట్టకు మెట్టుమెట్టుకూ పేరు మారుతుంది. గంటకు 31 కిలోమీటర్ల లోపు గాలి ఉంటే అల్పపీడనం. 31 నుంచి 49 వరకు వాయుగుండం. 50 నుంచి 61 వరకు తీవ్ర వాయుగుండం. 62 చేరితే తుపాను. 89 దాటితే తీవ్ర తుపాను. 118 నుంచి అతి తీవ్ర తుపాను. 166 నుంచి పెను తుపాను. 221, ఆపైన ఉంటే సూపర్ సైక్లోన్. రేడియోలో, టీవీలో వినిపించే మాటలు అలంకారాలు కావు. ప్రతి మాట వెనుకా ఒక కొలత ఉంది.

కనిపెట్టేది ఎవరు

పూర్వం ఓడలు పంపిన కబురే ఆధారం. సముద్రం మీద ఓడ లేకపోతే తుపాను తీరం చేరేదాకా తెలిసేది కాదు. 1864లో కలకత్తాను ముంచిన తుపాను తరువాత హెచ్చరిక వ్యవస్థ కావాలన్న ఆలోచన బలపడింది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. 1960లో అమెరికా తొలి వాతావరణ ఉపగ్రహాన్ని పంపాక ఆకాశం నుంచి మేఘాల చుట్టను చూడటం సాధ్యమైంది. 1983లో ఎగిరిన ఇన్సాట్-1బీతో మన సముద్రాన్ని మన కంటితోనే చూసుకునే వీలు కలిగింది. ఇప్పుడు ఇన్సాట్-3డీఆర్, 2024లో ఎగిరిన ఇన్సాట్-3డీఎస్ ఆ పని చేస్తున్నాయి.

ఉపగ్రహం గాలిని కొలవదు, మేఘాన్ని చూపుతుంది. మేఘపు చుట్ట ఆకారాన్ని, మధ్య భాగం ఎంత గట్టిగా బిగుసుకున్నదన్న దాన్ని బట్టి గాలి వేగాన్ని అంచనా కట్టే పద్ధతిని 1970వ దశకంలో అమెరికా శాస్త్రవేత్త వెర్నన్ ద్వోరక్ రూపొందించాడు. నేటికీ సముద్రం మధ్యలోని తుపాను బలాన్ని కట్టేది ప్రధానంగా ఆ లెక్కతోనే. తీరం దగ్గర పడితే విశాఖపట్నం, మచిలీపట్నం, చెన్నై రాడార్లు అందుకుంటాయి.

హెచ్చరిక విలువ ఎంతో చెప్పడానికి రెండు సంవత్సరాలు చాలు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు పది వేల మంది పోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు నగరం అతలాకుతలమైనా మన రాష్ట్రంలో ప్రాణనష్టం పదుల్లోనే ఆగింది. గాలి తగ్గలేదు. ముందుగా తెలిసింది, జనాన్ని తరలించారు. అంతే తేడా.

పేరు లేని వాన

అయితే ఇక్కడే పడమటి కర్నూలు నేర్చుకున్న పాఠం వేరు.

తుపాను స్థాయికి చేరిన తరువాతే గుండానికి పేరు పెడతారు. మన సముద్రాల్లో 2004 నుంచి ఈ ఆచారం ఉంది. 2020లో 13 దేశాలు తలా 13 పేర్లు ఇచ్చి 169 పేర్ల కొత్త జాబితా సిద్ధం చేశాయి. 2025 అక్టోబరు 28న నరసాపురం దగ్గర తీరం దాటిన మొంథాకు ఆ పేరు ఇచ్చింది థాయిలాండ్. పేరు ఉంటే పత్రికల్లో పెద్ద అక్షరాలు పడతాయి. జనం నోట నానుతుంది. పేరు లేకపోతే అది ఏదో అల్పపీడనం అని ఊరుకుంటారు.

2009లో వచ్చినదానికి పేరు లేదు. అది తుపాను స్థాయికి చేరనే లేదు.

ఆ ఏడు నైరుతి దేశమంతటా మొహం చాటేసింది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు కురవవలసిన వానలో 78 శాతమే కురిసింది. సెప్టెంబరు ఆఖరు నాటికి కరువు లెక్కలు రాస్తున్నారు. హస్త కార్తె ప్రవేశించిన కొద్ది రోజులకే బంగాళాఖాతంలోని అల్పపీడనం తెచ్చిన తేమ రాయలసీమ, ఉత్తర కర్ణాటక మీద కుమ్మరించింది. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో, కర్ణాటక సరిహద్దు జిల్లాల్లో ఒకేసారి కుంభవృష్టి పడింది. వాగులన్నీ తుంగభద్రకు, హంద్రీకి చేరాయి. ఎమ్మిగనూరుకు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని మంత్రాలయం నీట మునిగింది. మఠంలోకి నది వచ్చింది. భక్తులను పడవల మీద, హెలికాప్టర్ల మీద తరలించవలసి వచ్చింది. అక్టోబరు 2న కర్నూలు నగరం మునిగింది. శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. 885 అడుగుల పూర్తి మట్టాన్ని దాటి నీరు 896 అడుగులకు ఎక్కింది.

వారం క్రితం దాకా కరువు, వారం తిరిగేసరికి వరద. సముద్రం మీద దాని గాలి మాత్రం పెద్ద చెట్టును కూడా కూల్చగలిగింది కాదు.

2021 నవంబరు 19న కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయినప్పుడూ అదే జరిగింది. చెన్నై దగ్గర తీరం దాటిన ఆ వాయుగుండానికి కూడా పేరు లేదు. మరోవైపు 2013 నవంబరులో లెహర్ అనే అతి తీవ్ర తుపాను కోస్తాను వణికించి, మచిలీపట్నం దగ్గర తీరం చేరేసరికి వట్టి వాయుగుండంగా మిగిలింది. పేరు చూసి భయపడటం, పేరు లేదని నిశ్చింతగా ఉండటం రెండూ పొరపాటే.

దీనికి కారణం ఉంది. తుపాను స్థాయి చెప్పేది గాలిని, వానను కాదు. నేల మీదికి వచ్చాక గుండానికి సముద్రపు ఆవిరి తిండి తగ్గి గాలి త్వరగా పడిపోతుంది. కాని అది మోసుకొచ్చిన నీరు అలాగే ఉంటుంది. గుండం వడిగా నడిచి వెళ్లిపోతే ఆ నీరు నాలుగు జిల్లాల్లో పంచుకుపోతుంది. ఒకేచోట మందకొడిగా కూర్చుంటే అంతా అక్కడే పడుతుంది. లోతట్టు ప్రాంతం వాళ్లు కనిపెట్టవలసింది గాలి వేగం కంటే గుండం నడక.

కొన్ని గుండాలు భూమి మీద నడిచి కూడా చావవు. 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్ ద్వీపకల్పాన్ని అడ్డంగా దాటి అరేబియా సముద్రంలో దిగి, అక్కడ మళ్లీ బలం పుంజుకుని షాహీన్ అనే కొత్త పేరుతో ఒమన్ దాకా వెళ్లింది. రెండు సముద్రాల నడుమ ఉన్నవారికి ఇది గుర్తుంచుకోదగిన సంగతి.

నాలుగో హెచ్చరిక మనది

వాతావరణ శాఖ నాలుగు అంచెలుగా హెచ్చరికలు ఇస్తుంది. తుపాను పరిస్థితి ఏర్పడే సూచన ఉందని 72 గంటల ముందు మొదటిది. తీరంలో ప్రతికూల వాతావరణం మొదలవడానికి 48 గంటల ముందు రెండవది. 24 గంటల ముందు మూడవది. నాలుగవది తీరం దాటడానికి కనీసం 12 గంటల ముందు వస్తుంది. తీరం దాటాక గుండం ఏ దారిన పోతుంది, లోపలి జిల్లాల్లో ఎంత వాన, ఎంత గాలి అన్నది ఇందులో ఉంటుంది. మొదటి మూడూ తీరం వాళ్లవి. నాలుగోది ఆదోని, ఎమ్మిగనూరు వాళ్లది. తీరం దాటింది కనుక గండం గడిచిందని రేడియో కట్టేసే సమయానికే మనకు కావలసిన కబురు మొదలవుతుంది.

వానకు కూడా కొలత ఉంది. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం. 115.6 దాటితే అతి భారీ. 204.5, ఆపైన అత్యంత భారీ. ఈ లెక్క ఉదయం ఎనిమిదిన్నర నుంచి మరునాటి ఉదయం ఎనిమిదిన్నర వరకు. పసుపు రంగు హెచ్చరిక అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధపడమని, ఎరుపు అంటే వెంటనే పని మొదలు పెట్టమని అర్థం. ప్రతి గురువారం వచ్చే రెండు వారాల ముందు చూపులో గుండం పుట్టే అవకాశం ఉందో లేదో చెబుతారు. గుండం తుపానుగా మారాక మూడు గంటలకు ఒకసారి బులెటిన్ వస్తుంది.

ఒకప్పుడు ఇదంతా కడప ఆకాశవాణి, విజయవాడ ప్రాంతీయ వార్తల కోసం టీ కొట్టు దగ్గర గుమికూడితే తప్ప తెలిసేది కాదు. నేడు ప్రతి చొక్కా జేబులో ఫోను ఉంది. మేఘదూత్ వంటి ప్రభుత్వ యాప్‌లు జిల్లావారీగా సలహా ఇస్తున్నాయి. ఇబ్బంది అల్లా కబురు కరువు కాదు, కబురు ఎక్కువ కావడం. వారం తరువాత ప్రళయమని రంగురంగుల పటాలు ఫోన్లలో తిరుగుతాయి. సముద్రంలో ఇంకా ఏమీ పుట్టకముందే ఒక లెక్కయంత్రం గీసిన గీతను నిజమని నమ్మి పచ్చికాయ పీకేసినవాడు నష్టపోతాడు. ఒక రోజు ముందు శాఖ చెప్పే దారికీ, గుండం నిజంగా నడిచే దారికీ తేడా ఇటీవలి సంవత్సరాల్లో సగటున వంద కిలోమీటర్ల లోపే ఉంటోంది. రోజులు ఎక్కువయ్యే కొద్దీ ఆ తేడా పెరుగుతుంది. అందుకే వారు గీసే పటంలో దారి గీతకు ఇరువైపులా గొర్రు చాలులా కాక గంపమూతిలా వెడల్పవుతూ పోయే భాగం ఉంటుంది. చూడవలసింది నడిమి గీతను కాదు, ఆ వెడల్పును.

కల్లంలో లెక్క

ఎర్రనేలల్లో వేసిన బుడ్డల పంటను పీకి, కాయలు పైకి ఉండేటట్టు తిరగేసి చేనులోనే ఆరబెడతారు. ఆ నాలుగు రోజులూ ఎండ కావాలి. వాన తగిలితే కాయ నల్లబడి బూజు పడుతుంది. కట్టె కుళ్లి ఎద్దు ముట్టదు. ఏడాది మేత పోయినట్టే. పోనీ పీకకుండా నేలలోనే ఉంచుదామంటే గుత్తి రకాల గింజకు నిద్ర లేదు. పక్వానికి వచ్చాక తడి తగిలితే నేలలోనే మొలక వేస్తుంది. పీకినా చేటే, పీకకున్నా చేటే. నడుమ ఉన్న దారల్లా ఒకటే. గుండం సంగతి మూడు రోజులు ముందు తెలిస్తే, పీకినది వామి వేసి కప్పుకోవచ్చు. ఇంకా వారం గడువున్న చేనును కదపకుండా ఉంచవచ్చు.

పత్తికీ అదే గడువు. పగిలిన పత్తి తడిస్తే రంగు మారుతుంది, గింజ మొలుస్తుంది. కాటన్ కార్పొరేషన్ వారు 8 శాతం తేమను ప్రమాణంగా తీసుకుని, 12 శాతం దాటితే కొనరు. ముసురు పట్టిన వారంలో యార్డుకు వచ్చిన బోరాలో చెయ్యి పెట్టగానే వ్యాపారికి తెలిసిపోతుంది. అంతవరకు ఏడాదంతా పడిన కష్టం ఆ ఒక్క చేతి తడి దగ్గర తరిగిపోతుంది. తీతకు కూలీలను రెండు రోజులు ముందు పిలిచినవాడికీ, రెండు రోజులు ఆలస్యంగా పిలిచినవాడికీ చేతికొచ్చే డబ్బులో తేడా అంతా ఇంతా కాదు. తుపాను రాబోతున్నదంటే కూలి రేటు కూడా పెరుగుతుంది. చిన్న రైతు ఇక్కడ వెనుకబడతాడు.

ఇక నల్లరేగడి రైతు మాట వేరు. అతను చేను దున్ని పెట్టుకుని శనగ వేయడానికి చిత్త, స్వాతి కార్తెల్లో ఒక్క పదును వాన కోసం ఎదురు చూస్తూ ఉంటాడు. శనగకు ఆపైన చుక్క వాన లేకపోయినా మంచు తేమతో, నేలలోని పదునుతో పండుతుంది. గుండం రాకపోతే విత్తనమే పడదు. గోనెగండ్ల దగ్గర హంద్రీ మీది గాజులదిన్నె ప్రాజెక్టు నిండాలన్నా ఇలాంటి వానే దిక్కు. గట్టుకు ఈవలి చేనులో వాన వద్దని మొక్కు, ఆవలి చేనులో రమ్మని మొక్కు. ఒకే ఇంటి అన్నదమ్ముల్లో ఒకరికి ఎర్రనేల, ఒకరికి నల్లనేల వస్తే ఆ ఇంట్లోనే రెండు మొక్కులు.

మగ్గం గుంటలో నీరు

ఎమ్మిగనూరులో భయం మరో రకం. 1938లో మాచాని సోమప్ప నేత సహకార సంఘాన్ని నెలకొల్పిన ఊరు ఇది. గుంట మగ్గం మీద నేసేవాడు నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటాడు. ముసురు నాలుగు రోజులు పట్టితే ఆ గుంటలో నీరు ఊరుతుంది. నూలు తేమ పీల్చి తెగుతుంది. పడుగుకు గంజి పట్టించి వీధిలో సాచి ఆరబెట్టే పని వాన వెలిసేదాకా సాగదు. నేసిన గజాల మీద కూలి కనుక మగ్గం ఆగిన రోజు పొయ్యి మీద ఆలోచన. తుపాను నష్టం లెక్కల్లో కూలిన ఇల్లు, మునిగిన చేను కనిపిస్తాయి. ఆగిన మగ్గం తేలికగా కంటపడదు. గుండం కబురు ముందుగా అందితే పడుగు పని ముగించుకుని, నూలు గట్టు మీదికి చేర్చుకునే వీలు నేతగాడికీ ఉంటుంది.

వీపుకు గాలి

యంత్రం లేకుండా కూడా గుండం ఉన్న దిక్కు పట్టే ఉపాయం ఒకటుంది. 1857లో బైస్ బాలట్ అనే డచ్చి శాస్త్రవేత్త చెప్పిన సూత్రమిది. గాలి వీపుకు తగిలేటట్టు నిలబడితే మన అర్ధగోళంలో అల్పపీడనం ఎడమ చేతి వైపు ఉంటుంది. అక్టోబరులో ఆదోనిలో ఉత్తరపు గాలి నిలకడగా వీస్తూ, తూర్పున మేఘం పీచుపీచుగా పరుచుకుంటున్నదంటే గుండం తూర్పున ఉన్నట్టు. గాలి మెల్లగా ఉత్తరం నుంచి తూర్పుకు తిరిగితే ఆ గుండం మనకు దక్షిణంగా దాటిపోతున్నట్టు. పడమటికి తిరిగితే ఉత్తరంగా పోతున్నట్టు. గాలి దిక్కు మారకుండా ముసురు ముదిరితే అది ఇటే వస్తున్నట్టు. కొండల చాటున, ఇళ్ల మధ్య ఈ లెక్క తప్పవచ్చు. బయలు చేనులో మాత్రం బులెటిన్‌తో పోల్చి చూసుకోవడానికి పనికొస్తుంది.

కావలసినదేమిటి?

ఒక లోటు మాత్రం ఉంది. ఆదోని హైదరాబాదు రాడారుకు సుమారు 240 కిలోమీటర్ల దూరం. భూమి వంపు వల్ల అంత దూరం వచ్చేసరికి రాడారు కిరణం నేలకు నాలుగైదు కిలోమీటర్ల ఎత్తున పోతుంది. దాని కింద కురిసే మేఘం సరిగా కనబడదు. తీరంలోని రాడార్లు ఇంకా దూరం. గుండం లోపలికి వచ్చాక, అంటే మనకు ముఖ్యమైన గంటల్లో, ఆ కంటికి చూపు మందం. మండల కేంద్రాల్లోని వర్షమాపకాలే అప్పుడు దిక్కు.

అందుచేత ఏ మండలంలో ఎంత కురిసిందన్నది ఉదయం ఎనిమిదిన్నర తరువాత ఆలస్యం లేకుండా కింది ఊళ్లకు చేరాలి. ఆలూరు, హొళగుంద వైపు రాత్రి కురిసిన వాన తెల్లారి ఏ వాగుకు చేరుతుందో ఆ వాగు ఒడ్డు ఊళ్ల పెద్దలకు తెలుసు. తెలియవలసింది అంకె మాత్రమే. నాలుగో హెచ్చరికను గ్రామ సచివాలయం బోర్డు మీద రాయించడం, మార్కెట్ యార్డు మైకులో ధరలతో పాటు చదివించడం, వేరుశనగ పీకే వారాల్లో టార్పాలిన్లు అందుబాటులో ఉంచడం పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఈ దిశగా అధికారులు శ్రద్ధ వహించవలసిన అవసరం ఎంతైనా ఉంది.

తుపాను దారిని మళ్లించడం మనిషి వల్ల కాదు. వస్తున్నదని మూడు రోజుల ముందు చెప్పడం ఇప్పుడు సాధ్యమైంది. సముద్రం నుంచి ఢిల్లీకి, ఢిల్లీ నుంచి అమరావతికి ఆ కబురు క్షణాల్లో చేరుతున్నది. మిగిలిన దూరం కర్నూలు కలెక్టరేటు నుంచి కల్లం దాకా. 2009లో హస్త కార్తె నేర్పిన పాఠం ఆ ఆఖరి దూరం గురించినదే.